రెండో పంపు

పక్కింటి మామ పోయారని ఇంటి ఓనరు మా పత్రికాఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దెక్కినా పాలపాకెట్టు గుమ్మంలోనే ఉండటంతో తలుపు తీయించి చూశారట.

మామ కెమికల్ ఇంజినీరు. ఫ్యాక్టరీలో ఏ ట్యాంకు నుంచి ఏ ట్యాంకుకు గొట్టం వేయాలి, ఎక్కడ వేడి చేయాలి, ఎక్కడ చల్లార్చాలి, అదంతా తక్కువ ఖర్చులో ఎలా కుదర్చాలి అన్నది ఆయన పని. మైలాపూరులో మా రెండు పోర్షన్లకూ మధ్య ఒకటే గోడ. ఆదివారం వెళితే, వేయగలిగిన గొట్టాలన్నీ పెన్సిలుతో గీసి చూపేవారు. కాగితం నల్లబడేది. తర్వాత లెక్క చూసుకుంటూ ఒక్కొక్కటే చెరిపేవారు.

"ముందే చెరపకూడదప్పా. అన్నీ ఉండనీ. ఏది వద్దో లెక్క చెప్తుంది."

వార్త రాసేటప్పుడు నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఉత్తర మద్రాసులో కట్టబోయే ఒక ఫ్యాక్టరీ డిజైనులో, కంప్యూటరు లెక్క ఒక పంపు వద్దంది. మొదటిది ఆగిపోతే నడపడానికి పక్కన ఉంచే రెండో పంపు అది. దాన్ని తీసేసిన డ్రాయింగు మీద మామ సంతకం పెట్టలేదు. వేరొకరు పెట్టారు. రిటైరయ్యేదాకా ఆయనకు పాత డ్రాయింగులు సరిచూసే పని ఇచ్చారు. ఆ గదిలో ఇంకెవరూ ఉండేవారు కాదు.

కొన్నాళ్లకు వార్త పనిమీద నేను ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. వచ్చి ఆ మాటే చెప్పాను.

"నడస్తా ఉందా?"

"నడుస్తోంది మామా."

"సరి. నడవాలనే కదా గీసింది. అయినా ఆడ ఇంకోటి ఉండాల," అన్నారు.

అత్త పోయాక ఇంట్లో సామానూ తగ్గిస్తూ వచ్చారు. ఒక కంచం, ఒక గ్లాసు మిగిలాయి. కాఫీకి పిలిస్తే నా గ్లాసు నేనే పట్టుకెళ్లేవాణ్ణి. పేము కుర్చీలు మాత్రం రెండు ఉంచారు.

"ఒక్కరికి రెండెందుకు మామా?"

"స్టాండ్‌బై అప్పా. పెద్ద పేపరోడివి, నువ్వొస్తే నేలమీద కూచుంటావా?"

ఆ ఇంటికి వెళ్లేది నేనొక్కణ్ణే. అదీ డ్యూటీ లేని ఆదివారాల్లో.

సామాను తీయడానికి ఓనరు నన్ను పిలిచాడు. కిటికీ దగ్గర రెండు కుర్చీలూ ఎదురెదురుగా ఉన్నాయి. రెండూ తుడిచి ఉన్నాయి. ఒకదాని అల్లిక గుంటపడి మధ్యలో తెగింది. రెండోదాని పేము కొన్ననాటిలాగే బిగువుగా ఉంది.