ముప్పై తొమ్మిది డిగ్రీల అవ్వ

నూట యాభై రూపాయల థర్మామీటర్‌ను ఎనభైకి లాగిన మొనగాణ్ని నేను. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని మరి. మహబూబ్‌నగర్‌లో మందుల షాపతను ముందే చెప్పాడు: "అన్నా, ఇది సెల్సియస్‌ల సూపెడ్తది. ఎవ్వరు కొంటలేరు." ఎవరూ కొనని సరుకంటే నాకు నోరూరుతుంది. "అయితే తగ్గియ్" అన్నాను.

ఆ మే నెలలోనే అవ్వకు ఒళ్లు కాగింది. పొద్దున పదకొండింటికి చంకలో పెట్టి చూస్తే 39.2. మా ఇంట్లో జ్వరమంటే నూరు దాటాలి. ముప్పై తొమ్మిదేమిటో తోచక కాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాను. టీవీలో ఆ రోజు ఎండ నలభై రెండు డిగ్రీలంటున్నారు. లెక్క తేలిపోయింది.

"అవ్వా, బయటికన్న నువ్వే మూడు డిగ్రీలు సల్లగున్నవ్. ఫికర్ జెయ్యకు."

"సల్లగుంటే దుప్పటెందుకడుగుత బిడ్డా? నీ అగ్గువ మిషిన్ల మన్నువడ!"

దుప్పటి కప్పి కొట్టుకు పోయాను. నాలుగింటికి తిరిగొస్తే, ఆమె నన్ను మా నాయిన పేరుతో పిలుస్తోంది. భయపడి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను.

నర్సు అవ్వ నుదుటి మీద చెయ్యి వేసి, "పొద్దున ఎంతుండె అన్నా?" అని అడిగింది. నా ఎండ లెక్కతో సహా చెప్పాను. ఆమె నవ్వు ఆపుకుంది.

"ఎండకూ ఒంటికీ కొలత ఒక్కటే, గది నిజమే. గని ఎండ నలభైకి పోయినా, సలి పదికి దిగినా, ఒళ్లు ముప్పై ఏడు కాడ్నే ఉండాలె. ముప్పై ఎనిమిది దాటితే జరమే. పొద్దున అవ్వకున్నది మీ పాత లెక్కల నూట రెండున్నర."

"గదేదో నూట రెండున్నరనే సూపెట్టొచ్చు గదా!"

"బియ్యం కిలోల్ల కొంటవు, పాలు లీటర్ల కొంటవు. గీ జరం ఒక్కదానికే పాతదెందుకన్నా?"

మా కొట్లో శేరు అడిగిన ముసలివాళ్లకు కిలో నేర్పిన నోరు నాది.

మూడో రోజుకు అవ్వ 37.1కి దిగింది. నాకు మాత్రం కొలిచే పిచ్చి పట్టింది. మిట్టమధ్యాహ్నం డాబా మీద కాసేపు నిలబడి వచ్చి నన్ను నేను చూసుకున్నాను: 36.9. పక్కింటివాళ్లు థర్మామీటర్ అడిగితే, ముందు ముప్పై ఏడు సంగతి చెప్పి, తర్వాతే చేతికిస్తున్నాను.

అసలు ఖర్చు: థర్మామీటర్ ఎనభై, ఆటోకు రానూపోనూ రెండు వందల నలభై, కొబ్బరిబొండాలు రెండిటికి ఎనభై. దవాఖానలో మందులకు పైసా తీసుకోలేదు. మొత్తం నాలుగు వందలు. ఇంకా, పదకొండు నుంచి నాలుగు దాకా అవ్వ ఒక్కతే కాగిన ఐదు గంటలు.