పసుపు పడ్డ గిటార్

దయాకర్ కొత్త గిటార్‌కు పసుపు పూయడం సునంద చేసిన తప్పేనని వాడకట్టంతా ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది, ఆ రోజు పెళ్లాం మీద ఆయన అరిచిన అరుపు అట్లాంటిది.

ఇబ్రహీంపట్నం అవతల గుట్టను పగలగొట్టి కంకర చేసే క్రషర్‌లో దయాకర్ ఇరవై ఏళ్లుగా ఆపరేటర్. అంతకుముందు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. క్రషర్‌లో చేరిన ఆరో ఏట చెయ్యి బెల్టులో పడి, ఎడమ చేతి చివరి రెండు వేళ్లు నలిగాయి. వేళ్లు మిగిలాయి గాని వంగడం మానేశాయి. వేళ్లు వంగనివాడికి గిటార్ దేనికి? అది అటకెక్కింది. పదేళ్లు ఆ ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు.

తర్వాత ఒకరోజు ఫోన్‌లో వీడియో కనబడింది. ఎవరో అమెరికా ముసలాయన కుర్చీలో కూచుని, వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జారుస్తున్నాడు. దాన్ని బ్లూస్ అంటారట. పత్తి చేన్లలో నడుములు విరిగిన నల్లవాళ్ల పాటట. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టెక్కినట్టు పోవడం లేదు, ఏడ్చే మనిషి గొంతులా జారుతోంది. దయాకర్ తల్లి మైసమ్మ కూడా బతికినన్నాళ్లు పత్తి ఏరిన మనిషే. ఆ వీడియో ఆయన ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. పాట విన్నదానికంటే ఎక్కువగా ముసలాయన వేలిని చూశాడు. గొట్టం తొడిగిన వేలు వంగాల్సిన పనే లేదు.

గిటార్ అటక దిగింది. దయాకర్ ఒక సీసా మెడ కోయించి, అంచులు నున్నగా అరగదీసి వేలికి తొడుక్కున్నాడు. నాలుగేళ్లు తంటాలు పడ్డాడు. చేయి కుదిరాక, ఈ వానాకాలంలో రెసొనేటర్ గిటార్ తెప్పించుకున్నాడు. మామూలు గిటార్ పొట్టకు ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది. దీనికి జల్లెడలా బెజ్జాలున్న స్టీలు మూత, మూత కింద కాగితమంత పల్చటి అల్యూమినియం గిన్నె. తీగ మీటితే ఆ గిన్నె మోగుతుంది. మైకుల్లేని రోజుల్లో దూరం వినబడాలని చేశారట. మొదటి సాయంత్రం వాయిస్తే పక్కింటి పరమేష్ టీవీ కట్టేసి వచ్చి గడపలో కూచున్నాడు.

"ఏం గుంజుతున్నవే అన్నా, పానం అవిసిపోతున్నది" అన్నాడు. ఆ ఒక్క మాటకు దయాకర్ మూడు రోజులు నేల మీద నడవలేదు.

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేయని ఇల్లుంటుందా? సునంద తన కుట్టు మిషన్‌కు, బండికి చేసినట్టే గిటార్‌కూ చేసింది. స్టీలు మూతకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చిలకరించింది. బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి జారడం చూసింది కూడా. దేవుడి నీళ్లు లోపలికి పోతే మంచిదే గదా అనుకుంది.

మర్నాడు దయాకర్ వాయిస్తే గిటార్ గొంతు పూడుకుపోయినట్టు పలికింది. లావు తీగలు కొంత నయం. సన్న తీగ మీద గొట్టం పైకి జారేకొద్దీ ధ్వని ఎక్కడో బావిలో పడిపోతోంది.

"ఏం జేసినవే దీనికి? ఇదేమన్న ట్రాక్టర్ అనుకున్నవా?"

"పండుగనాడు పసుపు పెడ్తే తప్పా?"

"నా పానం తీసినవ్ పో!"

వాడకట్టు విన్నది అదే. సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆనాటి నుంచి ఆమె మాట ఆయన చెవిన పడలేదు. దయాకర్ కూడా పంతానికి పోయాడు.

ఆదివారం మూత మరలు విప్పాడు. లోపల పసుపు అట్టకట్టింది, కొబ్బరినీళ్ల తీపికి చీమలు పట్టాయి. ఊపిరి బిగబట్టి మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి వాయించాడు. అదే మూగతనం. అప్పుడు భయమేసింది. రోజంతా రాయి, దుమ్ము. వాటి చివర సాయంత్రం ఈ గంట ఉందనే ఆయన పొద్దున లేస్తున్నాడు. ఇది పోతే లేవడం దేనికి?

పెద్ద అంబర్‌పేట్‌లో జానయ్య ఉన్నాడు. ఒకప్పుడు ఆ ఆర్కెస్ట్రా నడిపినవాడు, ఇప్పుడు హార్మోనియంలు, గిటార్లు బాగుచేస్తాడు. దయాకర్ గిటార్ ఆయన ముందు పెట్టాడు.

"గిన్నె వంగినట్టున్నది కాకా. మార్చాలె."

జానయ్య గొట్టం తొడుక్కుని సన్న తీగ మీద పై దాకా జార్చాడు. "గంట లెక్క మోగుతున్నది గదరా."

"ఏడ కాకా? అసలు పలుకుతలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ యవ్వారం" అని నవ్వబోయి జానయ్య ఆగాడు. దయాకర్ ముఖంలోకి చూశాడు. ఫోన్ తీసి, అందులో పిట్ట కూత పెట్టి, బల్ల మీద ఉంచాడు.

"ఇనబడుతున్నదా?"

"ఏం పెట్టినవని?"

రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ కూతకు వెనక్కి తిరిగి దుకాణంలోకి చూశారు. వాళ్లు తిరగడం దయాకర్ చూశాడు.

జానయ్య ఫోన్ కట్టేసి అడిగాడు. "క్రషర్ కాడ చెవులల్ల ఏమన్న పెట్టుకున్నవారా?"

"కొత్తల దూది పెట్టుకున్న. మా అమ్మ చూసి మొత్తుకున్నది. పీనుగకు పెట్టినట్టు ఏందిరా, తియ్యి అన్నది. తీసేసిన."

పోయినవాళ్ల ముక్కుల్లో, చెవుల్లో దూది పెట్టే ఊళ్లో ఏ తల్లయినా ఆ మాటే అంటుంది. కొడుకు చల్లగా ఉండాలనే తీయించింది.

దవాఖానలో పరీక్ష చేశారు. సన్న శబ్దాలు ముందు పోతాయట, ఎన్నో ఏళ్ల నుంచి పోతూనే ఉన్నాయట, పోయినవి తిరిగి రావట. కొత్త గిటార్ పెద్ద మోత ఆ లోటును కొన్నాళ్లు కప్పింది, పసుపు మీద అనుమానంతో చెవి పెట్టి విన్నాకే అది బయటపడింది. చెవికి మిషన్ పెడితే మాటలు కొంత తెలుస్తాయన్నారు. పాట సంగతి అడిగితే డాక్టరమ్మ కాగితం వైపు చూసింది. గాజు గొట్టం ఎక్కడ ఆగాలో చెప్పేది చెవి ఒక్కటేనని ఆమెకు తెలుసో లేదో. దయాకర్‌కు తెలుసు. బస్సులో ఇంటిదాకా గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

సునంద కుట్టు మిషన్ ముందు కూచుని ఉంది. ఆయన పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ తప్పేం లేదే. పసుపుతోని కాలేదు. నా చెవులే పోయినయి."

ఆమె మిషన్ ఆపింది.

"ఇగ మాట్లాడు సునందా. పన్నెండు దినాలాయె, నాతోని ఒక్క మాటన్న మాట్లాడకపోతివి."

సునంద లేచి దగ్గరికొచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నేనెప్పుడు బంద్ జేసిన?" అంది, ఒక్కో మాట గట్టిగా. "నీ మొఖం చూడలేక గోడ దిక్కు తిరిగి రోజూ మాట్లాడుతనే ఉన్న. చాయ్ తాగుతవా అన్న. తప్పయింది, మాఫ్ చెయ్యి అని గూడ అన్న. నువ్వే పలుకకపోతివి."