ఎదురుకాళ్ళ పిల్ల

మొన్న మా మనవరాలు నాకొక చెప్పుల జత తెచ్చింది. అడుగంతా పల్లేరుకాయలు పరిచినట్టు రబ్బరు మొనలు. రోజూ కాసేపు వాటితో నడిస్తే తలనొప్పి, అజీర్తి, నడుము నొప్పి అన్నీ తగ్గుతాయట. కొత్త రబ్బరు వాసన ఇల్లంతా కమ్ముకుంది. వాటితో పాటు వచ్చిన కాగితం మీద పాదం బొమ్మ వేసి, ఎక్కడ నొక్కితే ఒంట్లో దేనికి మేలో రాసి ఉంది. నాకు అక్షరాలు అబ్బింది ఈ మనవరాలు ఒకటో తరగతి చదివే రోజుల్లో, దాని పలక పక్కన కూర్చుని. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటూనే చదువుతాను. కన్ను, గుండె, కడుపు దాటి మడమ దగ్గరికి వచ్చేసరికి 'నడుము' అన్న మాట మీద వేలు ఆగిపోయింది. చెప్పులు తొడుక్కోకుండానే పక్కన పెట్టేశాను.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే తల కాకుండా పాదాలు ముందు వచ్చాయి. శాలిబండలో మా బర్రెల కొట్టాన్ని ఆనుకుని ఉన్న గదిలో, ఎండ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కేదాకా మా అమ్మ నొప్పులు పడిందట. మంత్రసాని చాంద్‌బీ నన్ను బయటికి తీశాక, నేను ఏడ్చానా లేదా అని కాదు, ముందు అమ్మకు ఊపిరి ఆడుతోందా లేదా అని చూసిందట. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, గుమ్మంలో నిలబడి నన్ను చూసి అన్న మొదటి మాట, "తల్లిని తినెతందుకే వచ్చిందిది." ఈ సంగతి నాకు చెప్పింది చాంద్‌బీ. మా అమ్మ ఎన్నడూ చెప్పలేదు.

ఎదురుకాళ్ళ పిల్లకు లోకం రెండు పేర్లు పెడుతుంది. ఒకటి బాపమ్మ పెట్టింది. రెండోది, ఆ పిల్ల పాదం తగిలితే పట్టేసిన నడుము విడుస్తుందని. నాకు ఈ రెండో పేరు తెచ్చిపెట్టింది మా అమ్మే. నేను తప్పటడుగులు దాటిన వయసులో ఒకనాడు బాపమ్మ పాలు పిండుతూ నడుము పట్టేసి లేవలేకపోతే, అమ్మ నన్ను ఎత్తుకుపోయి ఆమె వీపు మీద నిలబెట్టింది. బాపమ్మ పెట్టిన కేకకు బర్రె తాడు తెంపుకుందట. సాయంత్రానికి ఆమె లేచి బర్రెలకు గడ్డి వేసింది. మళ్ళీ ఆమె నోట ఆ మొదటి పేరు రాలేదు.

మా ఇంట్లో మందు సీసాలు ఉండేవి కావు, బాపమ్మ బొటనవేలు ఉండేది. తలనొస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండను పట్టి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నొక్కేది. కడుపులో తిప్పితే మణికట్టుకు కాస్త పైన, పిక్కలు లాగితే మోకాలి వెనక పల్లంలో. ఆ విద్యంతా నా కాళ్ళకు నేర్పింది. "ఎముక మీద కాలు పెట్టకు, పక్కన కండ మీద వెయ్యి. ఊపిరి ఇడిసినప్పుడు బరువెయ్యి, తీసుకున్నప్పుడు లేపు" అనేది. వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే మాత్రం, "కాలు బెణికితే ఐతారం నాడు జనానికి ఏం జెప్పాలె?" అని కేకలేసేది.

ఐతారం అంటే ఆదివారం. ఆ పొద్దున, ఇంకా పొయ్యిలో పిడకల పొగ తేరకముందే, పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, ఆవలి వీధి రొట్టెల బట్టీ నుంచి వచ్చే కాలిన పిండి వాసన అన్నీ కలిసిన ఆ చల్లదనంలో, మా వాకిలి బండల మీద మనుషులు బోర్లా పడుకుని నా కోసం ఎదురుచూసేవారు. మూటలు మోసేవాళ్ళు, బట్టలుతికే ఆడవాళ్ళు, అందరికన్నా ముందు పక్కింటి జాఫర్ చిచా. మిఠాయిల మీద అద్దే వెండి రేకు కొట్టడం ఆయన పని. పొద్దస్తమానం వంగి కూర్చుని తోలు దొంతర మధ్య వెండి పెట్టి సుత్తితో కొడుతూ ఉండేవాడు, ఆ టక్ టక్ వింటూనే మేమంతా పెరిగాం.

"జర మెల్లగ బేటీ, నమాజుకన్న వంగనియ్యి నన్ను" అని మూలిగేవాడు.

గోడ అవతల నుంచి ఆయన భార్య, "మంచిగ తొక్కు బేటీ, రాత్రంత మూలిగి నన్ను నిద్ర పోనియ్యలే" అనేది.

"చూసినవా, ఇంట్ల దుష్మన్ ఉంటే బయట వైద్యం ఏం పనిజేస్తది!" అనేవాడు చిచా నాతో.

పెద్దవాళ్ళ మీద కాలు మోపడం పాపం గనుక, దిగాక వాళ్ళ పాదాలు ముట్టి కళ్ళకు అద్దుకునేదాన్ని. చిచా ముట్టనిచ్చేవాడు కాదు, నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివేవాడు. రంజానుకు ఆ ఇంటి నుంచి నాకంటూ వేరే గిన్నెలో సేమ్యా వచ్చేది, పైన వెండి రేకు వణుకుతూ.

అందరూ పడుకున్నారు నా కాళ్ళ కింద, మా అమ్మ తప్ప. చీకటి పడ్డాక ఆమే నా పాదాలు వేణ్ణీళ్ళతో కడిగి, నువ్వులనూనె రాసి, వేలు వేలుకూ మెటికలు విరిచి ఒత్తేది. ఆ సుఖానికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. కాని ఆమె లేచేటప్పుడు గోడ పట్టుకునే లేచేదని చూస్తూనే ఉన్నాను. "ఐతారం నీకు తొక్కనా అమ్మా?" అంటే, "నాకేం నొప్పి లేదు బిడ్డా, గడ్డి మోస్తి గంతే" అనేది. ఊరందరికీ పనికొచ్చే నా కాళ్ళు అమ్మకు గిట్టవేమో అనుకుని, దుప్పటి కప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి.

నేను తొక్కిన ఆఖరి ఏడు, బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూలు పేర్చి, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు కట్టుకుని ఆడవాళ్ళంతా ఆడుతుంటే, అడుగడుక్కీ వంగి చప్పట్లు కొట్టాల్సిన చోట మా అమ్మ ఒక్కతే నిటారుగా నిలబడి కొట్టింది. "కొత్త పెండ్లిపిల్ల లెక్క ఎంత సక్కగ నిలవడ్డది సూడుండ్రి!" అని వేళాకోళం చేశారు. అమ్మ కూడా నవ్వింది.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే కాళ్ళ మహిమ పోతుందని నమ్మకం. నాకూ ఆ రోజు వచ్చింది. మా వాకిలి బండలు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో అమ్మ గడ్డిమోపు ఎత్తబోయి కూలబడింది, మళ్ళీ తనంతట తాను లేవలేదు. పెద్ద దవాఖానాకు తీసుకుపోతే, వెన్నెముక లోపల ఎన్నేళ్ళ నుంచో పుచ్చిపోతోందని, చెయ్యగలిగింది ఇంకేమీ లేదని చెప్పారు. ఇంటికి తెచ్చి నులకమంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

బాపమ్మ మంచం పక్కన కూర్చుని, "గిన్నేండ్ల సంది నొస్తుంటె ఒక్క మాట జెప్పకపోతివి. ఇంట్లనే పిల్ల కాళ్ళుండె గదనే!" అంది.

నేను పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"గందుకే జెప్పలేదత్తా" అంది అమ్మ. "జెప్తె దానితోని తొక్కిస్తుంటిరి. గిది తొక్కితె పొయ్యే నొప్పి కాదని నాకెరుకే. అందరి నడుములు సక్కగ జేసి కన్నతల్లిది జెయ్యకపోతె, నా బిడ్డను మల్ల ఏమంటుంటిరి?"

బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది.

అమ్మ నన్ను చూసింది. "రా. నీ కాళ్ళల్ల ఇగ మహిమ లేదు గద. ఇప్పుడు నువ్వు ఉత్త నా బిడ్డవే. జర నడుము మీద చెయ్యి పెట్టు" అంది. చెయ్యి పెట్టాను. నొక్కడానికి అక్కడ కండ లేదు, ఎముక మీద తోలు మాత్రం వేడిగా ఉంది. నొక్కకుండా అలాగే అరచెయ్యి ఆనించి ఉంచాను. "హాయిగున్నదే" అంది. నిజమో, నా కోసం అన్నదో తెలియదు. తంగేళ్ళు మళ్ళీ పూసేలోగా పోయింది.

ఇప్పుడు శాలిబండలో మా కొట్టం ఉన్నచోట స్టీలు సామాన్ల దుకాణం. వెండి రేకు సుత్తి చప్పుడు వినపడదు. వాకిలి బండలూ లేవు, వాటి మీద పిల్లల కాళ్ళను నమ్మి బోర్లా పడుకునే పెద్దలూ లేరు. నా కాలి బరువు ఎరిగిన వీపులు కొన్ని మట్టిలో కలిశాయి, కొన్ని బూడిదయ్యాయి.

నిరుడు ఇదే మనవరాలి కడుపులో పిల్ల అడ్డం తిరిగిందని ఆపరేషన్ చేసి తీశారు. ఆసుపత్రిలో ఉండబట్టలేక అడిగాను, తల ముందు వచ్చిందా, కాళ్ళు ముందు వచ్చాయా అని.

"కోసి తీసినంక ముందేంది, ఎనకేంది అమ్మమ్మా!" అని నవ్వింది.

ముందేంది, ఎనకేంది అన్న ఆ మాట ఆనాడు గుమ్మంలో నిలబడ్డ మా బాపమ్మకు ఎవరైనా చెప్పి ఉంటే, మా అమ్మ తన నొప్పిని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పుకునేది.