కాకికిచ్చిన మాట

కాకికి మాటిచ్చి, ఆ మాట కోసం చీర కట్టుకున్న మగవాడు ఈ బాన్సువాడ మొత్తంలో నేనొక్కడినే. నవ్వండి, ఫర్వాలేదు. మా అవ్వ బతికుంటే అందరికంటే ముందు ఆమే నవ్వేది.

అవ్వ అంటే మా బాపు వాళ్లమ్మ, బాలవ్వ. తాత పోయాక ఊరి చివర రేకుల ఇంట్లో ఒక బర్రెతో ఒంటరిగా బతికింది. బాపు పండగకోసారి "మా ఇంటికి రాయే అమ్మా" అని బతిమాలేవాడు. "ఏంరా, నా చేతులు ఇరిగినయా?" అనేది. చివరి రోజు కూడా పాలు పిండి, వాడుక ఇళ్లకు పోసి వచ్చి, చెంబు కడిగి బోర్లించి పడుకుంది. మళ్లీ లేవలేదు.

"గిలాసెడు నీళ్లన్న నా చేతుల తాగకపాయె. నా మీద ఏం కోపముండెనో," అని బాపు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కంట చుక్క రాలేదు. మాకు అదే భయం.

మూడో రోజు మంజీర ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అన్నం, కోడికూర, గారెలు, కల్లు అన్నీ పెట్టాం. కాకులు చెట్టెక్కి మమ్మల్ని పెళ్లిచూపులు చూశాయి గానీ దిగలేదు.

"అమ్మా, నీ ఇల్లు ఎవ్వలకు ఇయ్యం, ముట్టవే," అన్నాడు బాపు.

"అన్నతోని ఇగ కొట్లాడనే," అంది బాపు చెల్లెలు, మా అత్త. ఇది కాకులు కూడా నమ్మలేదు.

వెనక ఎవరో గొణిగారు: "కొడుకు మీద కోపముంటది."

బాపు ముఖం మాడిపోయింది. ఆకలి రుచెరగదంటారు, నన్నడిగితే అది బుద్ధి కూడా ఎరగదు. కాకి ముడితే గానీ మాకు తిండి లేదు. ఒకవైపు బాపు ముఖం, ఒకవైపు కోడికూర వాసన. తట్టుకోలేక అరిచేశాను.

"అవ్వా! నీ బర్రెను నేను సాదుత! నా చేతులతోనే పాలు పిండుత!"

కాకి రివ్వున వచ్చి గారె ఎత్తుకుపోయింది.

అందరూ దండం పెట్టారు, కాకికి కాదు, నాకు. "నాకన్న బర్రెనే ఎక్కువాయె," అన్నాడు బాపు మెల్లగా. సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికించి బతికే నేను అప్పటిదాకా బర్రె తోక కూడా ముట్టలేదు.

ఆ సాయంత్రం బర్రె నన్ను ఒకసారి చూసింది, ఒకసారి తన్నింది. లేచేసరికి పేడలో ఉన్నాను.

"చేపుతలేదు అత్తా, సుక్క పాలు దిగుతలేవు!"

"అది అమ్మకే చేపుతది. నాకు గూడ ఇస్తలేదు. పాలు తియ్యకుంటే పొదుగు చెడి బర్రె దక్కదు. గా దండెం మీద అమ్మ చీరుంది, కట్టుకో."

"నువ్వు కట్టుకోరాదు?"

"కాకికి మాటిచ్చింది ఎవలు? నేనా?"

మర్నాడు వెలుగు రాకముందే చీరను లుంగీ మీద చుట్టి, కొంగు నెత్తిన కప్పుకొని బర్రె పక్కన కూర్చున్నాను. చీర నిండా పేడ వాసన, పొగ వాసన, అవ్వ వాసన. ఆమె రోజూ అనే మాటే అన్నాను: "ఇయ్యవే తల్లీ. నీకు నేను, నాకు నువ్వు."

బర్రె చీరను వాసన చూసి మెడ వాల్చింది. పాలు చెంబులోకి సర్రున దిగాయి.

అప్పుడే వెనక గడప దగ్గర బాపు గొంతు.

"అమ్మా..."

"బాపూ, నేను" అనాలి. బుద్ధున్నవాడెవడైనా అదే అంటాడు. నేను కొంగు ముందుకు లాక్కున్నాను.

"నా మీద కోపమానే?"

"కోపమెందుకురా? చేతులాడుతుండె, గందుకే రాలే."

నా నోట్లోంచి అచ్చం అవ్వే మాట్లాడింది. బాపు గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపుకు బర్రె బెదిరి చెంబును ఎగదన్నింది. పాలన్నీ నేలపాలు. నేనూ అవ్వ కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాను. బాపు తలెత్తి నా మీసం చూసి, "నువ్వా, గాడిద కొడుకా!" అన్నాడు. ఆ తిట్టు ఎవరికి తగిలిందో తెలిసి ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

మరుసటి పొద్దున బాపు మళ్లీ వచ్చాడు. ఈసారి నేనెవరో ఆయనకు బాగా తెలుసు. అయినా మీసం వైపు చూడకుండా స్టీలు గ్లాసు చాచాడు.

"నీళ్లు తాగే, అమ్మా."

కొంగు సర్దుకొని, చుక్క మిగల్చకుండా తాగాను.

అందుకని మంజీర సాక్షిగా ఒట్టేస్తున్నాను: కడుపు కాలుతుండగా ఇక ఏ కాకికీ మాటివ్వను. మీరూ ఇవ్వకండి. నేను లేవాలి, పాలు పిండే వేళయింది. నా చీర ఎక్కడ పెట్టారో ఏమో.