మా బావ చేసిన ఒక్క సినిమా

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా చేతిల పెట్టి, "అమ్మా, ఈయన మన పెదనాయన కాదా?" అని అడిగింది. ఎవరో పాత సినిమా నెట్ల ఎక్కించిండ్రు. తెర మీద సన్న మీసం, గళ్ల చొక్కా, మా అక్క మొగుడే. పెండ్లికి ముందు ఆయన హీరోగా చేసిన ఒకే ఒక్క ప్రేమ సినిమా. భద్రాచలం దిక్కు అడవిల, గోదారి ఒడ్డున తీసిండ్రు. ఖమ్మంల వారం కూడా ఆడలే. ప్రేమించినోడు ఏడ్వాలె, పాడాలె, ఈయనేంది కట్టె లెక్క నిలబడ్డడని హాల్లనే నవ్విండ్రట. మళ్లా ఎవరూ పిలవలే. జూలూరుపాడు వచ్చి మిర్చి తోట పెట్టుకున్నడు, అక్కను చేసుకున్నడు. పురుగుమందు కొనబోయినా "హీరోగారొచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి" అనెటోళ్లు. ఆయన ఏమనకుండ ఆ కుర్చీలనే కూసునెటోడు. ఇంట్లనూ మాట తక్కువే. కూర బాగుంటే ఇంకొంచెం అన్నం పెట్టించుకునుడు, అంతే ఆయన మెచ్చుకోలు. చూసేటంత గొప్పదేం కాదని ఆయనే అన్నడట, అక్క ఆ సినిమా ఎన్నడూ చూడలే.

నవ్వుకుందామనే చూసుడు మొదలుపెట్టిన. సగంల ఒక సీను వస్తది. బావ, హీరోయిన్ పిల్ల ఇద్దరూ ఒడ్డున కూసొని తునికి పండ్లు తింటుంటరు. ఆ పిల్ల తల వంచుకొని, తనకు వేరేటోనితోని పెండ్లి ఖాయమైందని చెప్తది. మా బావ నమిలే దవడ ఆగిపోతది. మింగాల్నో ఉమ్మాల్నో తెలువనట్టు ఉండి, మెల్లగ మింగి, చేతిలున్న పండ్లల్ల మంచిది ఏరి ఆమెకిస్తడు. ఇచ్చేటప్పుడు ఒక చూపు చూస్తడు. పెద్ద పెద్ద హీరోలు గుండెలు బాదుకున్నా రాని బాధ ఆ దవడ ఆగితే వచ్చింది. నిజంగ ప్రేమించినోడు గట్లనే కట్టె లెక్క బిగుసుకుపోతడు.

ఆ మాట ఆయనకు చెప్పాలని మర్నాడే బస్సెక్కి పోయిన. పోయిన వానకాలం పక్షవాతం వచ్చినకాడి నుంచి ఆయనకు మాట లేదు. మనం చెప్పింది ఎంత అర్థమైతదో దవాఖానల డాక్టర్లు కూడా చెప్పలేకపోయిండ్రు. మంచం పక్కన కూసొని, "బావా, నీ అంత బాగా ఎవరూ చెయ్యలే" అన్న. కప్పు దిక్కే చూస్తున్నడు. అక్క జావ తాపుతున్నది. ఆ సీను పెట్టి ఫోన్ ఆమెకిచ్చిన. గిన్నె కింద పెట్టి చూసింది. ఆ సీను వెనక్కి జరపమని మళ్లొకసారి చూసింది. అప్పుడు ఎవరి దిక్కూ చూడకుండ అన్నది: "నిజంగనే ఆ పిల్ల మీద మనసుంటే అది వేరే ముచ్చట. నటనే అయితే, గింత మంచిగ చేసేటోడు నా మీద మనసున్నట్టు ఒక్కసారన్న చెయ్యకపాయె."

అది మనసో నటనో చెప్పగలిగిన ఒక్కరికి మాట రాదు. బావ కంటికొస నుంచి నీళ్లు కారినయి. నేను ఆశపడి అక్కకు చూపించిన. ఈ జబ్బుతోని అవి రోజూ కారుతయని చెప్పి, అక్క కొంగుతో తుడిచి, చల్లారిన జావ వెచ్చ చెయ్యబోయింది. ఆ మనిషిని సరిగ్గ చూసెటందుకు మాకు ఇన్నేండ్లు పట్టింది. ఆ ఏండ్లన్నీ వాళ్లిద్దరి బతుకుల నుంచే పోయినయి.