ఏడో నంబరు రైఫిల్

నర్సీపట్నంలో నాకు పోలీసు ఆర్మరర్‌గా పోస్టింగ్ వచ్చిన మరుసటి వేసవిలో, జిల్లా షూటింగ్ జట్టు ఎంపికను ఊరి శివార్లలోని ఫైరింగ్ రేంజ్‌లో పెట్టారు. ఆర్మరర్ అంటే తుపాకుల మంచిచెడ్డలు చూసేవాడు. గురి తప్పితే అందరూ తిట్టేది అతన్నే.

మా దగ్గర ఏడో నంబరు రైఫిల్ ఒకటుండేది. ఎవరు పుట్టించారో గానీ, అది పట్టుకుంటే గురి తప్పదని ప్రచారం. ప్రాక్టీసు మొదలైందంటే అందరూ దానికోసమే ఎగబడేవారు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, గొట్టం చల్లారకుండానే కాల్చేవారు. మిగతావి ర్యాక్‌లో హాయిగా ఉండేవి. నాకు ఒళ్లు మండిపోయేది.

గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. తూటాను తిన్నగా పంపేవి అవే. గొట్టం బాగా కాలినప్పుడు కాలుస్తూనే ఉంటే, తూటా బయల్దేరే చోట ఆ గాడులు తొందరగా అరిగిపోతాయి. పైగా గొట్టం మీంచి లేచే సెగకు టార్గెట్ అల్లాడుతూ కనిపిస్తుంది. గొట్టం వెనక గడియలా ఉండే బోల్ట్ తెరిచి, లోపల తూటా లేదని చూసుకుని, నీడలో చల్లారనివ్వడమే దీనికి మందు. నీళ్లు పోయకూడదు. ఒకాయన తడి తువ్వాలు చుట్టబోతే నేను వేసిన కేకకు రేంజంతా తిరిగి చూసింది.

ఎంపికకు వచ్చినవారిలో కనకమహాలక్ష్మి అనే కానిస్టేబుల్ ఉంది. గొలుగొండ వైపు చెరకు రైతుల పిల్ల. అంతకుముందు రెండుసార్లు కొద్దిలో చోటు పోగొట్టుకుంది. వయసు పరిమితి వల్ల ఇదే ఆఖరి అవకాశం. ముందురోజు వచ్చి ఏడో నంబరు తనకే ఇప్పించమని బతిమాలింది. అప్పటికే దాని తూటాలు ఒకచోట పడక చెదిరిపోతున్నాయి. ఆ మాటే చెప్పాను.

“ఇవ్వడం ఇష్టం లేక అలాగ సెప్తన్నారు సార్” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం అనిపించింది. అడిగింది ఇస్తే ఆమె కొంప మునిగినట్టే.

రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారి అనుమతితో ఏడోదాన్ని ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టి తాళం వేసి, మిగతావాటి మడమల మీది నంబర్లకు ప్లాస్టర్ అంటించాను. “ఏటయ్యా, తుపాకులకి దెబ్బలు తగిలేయా?” అని ఆయన ఎగతాళి. ఒక బ్యాచ్ కాల్చగానే ఆ రైఫిళ్లు నీడకు, చల్లారినవి తర్వాతి బ్యాచ్ చేతికి. ఎవరికీ ఎంచుకునే వీల్లేదు.

రైఫిల్ అందుకుంటూ “ఇదే కదా సార్?” అని కనకమహాలక్ష్మి అడిగింది. ముందు కాల్చమ్మా అన్నాను. అవుననుకుంది కాబోలు, స్థిమితంగా కాల్చి జట్టులో చోటు సంపాదించింది.

“సూసేరా సార్, ఏడో నంబరంటే ఏడో నంబరే!” అంటూ మెరిసే మొహంతో వచ్చింది. ప్లాస్టర్ పీకి చూపించాను. పన్నెండు. ఆ అంకె చూసి పగలబడి నవ్వింది. తమదీ ఏడే అని అప్పటికే చెప్పుకుంటున్న ఇంకో ముగ్గురు మెల్లగా జారుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

ఆయుధాగారంలో ముందు అరిగేది మంచి పేరున్న గొట్టమే అని నాకు అక్కడ తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ రైఫిల్ మంచిదని ఎవరడిగినా ఒకటే చెప్పాను: చల్లగా ఉన్నది.