చచ్చిపోయిన మామగారి ఓటు

మా అత్తగారి వీధిలో మావాళ్లవి ఐదు ఇళ్లు, ఐదు పొయ్యిలు, ఓటు మాత్రం ఒక్కటి. ఆ ఒక్కటీ నేను కాపురానికి రాకముందే చనిపోయిన మా మామగారిది. ఈ మాట చెబితే మా మనవరాళ్లు పడీపడీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మాది బాగేపల్లి నుంచి పొద్దున్నే బండి కడితే ఎండెక్కేసరికి చేరే ఊరు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మైసూరు సీమలో అప్పుడు ఊరి పంచాయితీకి అందరూ ఓటు వేయడానికి లేదు. భూమి మీద సర్కారుకు కందాయం ఎవరి పేరున కడితే వాళ్ల పేరే ఓటర్ల పట్టీలోకి ఎక్కేది. మామగారికి ఐదుగురు కొడుకులు. ఆయన పోయాక వంటలు వేరయ్యాయి, ఎద్దులు వేరయ్యాయి, కొన్నాళ్లు ఆడవాళ్ల మాటలూ వేరయ్యాయి. భూమి ఖాతా మాత్రం ఆయన పేరునే ఉండిపోయింది. ఎవరి వాటా కందాయం వాళ్లు తెచ్చి మా పెద్దబావగారికి ఇస్తే, ఆయన తండ్రి పేరున కట్టి, రసీదు దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టేవాడు. ఖాతా మారిస్తే తండ్రిని ఇంట్లోంచి వెళ్లగొట్టినట్లని మావాళ్ల నమ్మకం. "ఆ ఇంట్లో ఖాతా పగల్లేదు" అని చుట్టుపక్కల ఊళ్లలో గొప్పగా చెప్పుకునేవారు. నన్నిచ్చేటప్పుడు మా నాయన కూడా ఆ మాటకే మురిసిపోయాడు.

ఆ గొప్ప ఏపాటిదో నాకు మా పెద్దపాప కాలు చూశాక తెలిసింది.

మేం తాగేది దిగుడుబావి నీళ్లు. మెట్లు దిగి, నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. నారికురుపు లేచిన కాళ్లతో వచ్చినవాళ్లు కూడా ఆ నీళ్లలోనే దిగేవారు. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాలిమీద పొక్కు లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. పెద్దపాప ఆ నొప్పికి నా చెయ్యి కొరికేది. నీళ్లు గుడ్డతో వడకట్టి తాగమని సర్కారు డాక్టరు చెప్పిపోయాడు. ఇంట్లో వడకట్టేదాన్ని. ఆటల మధ్య దోసిలి పట్టి తాగే పిల్లలకు గుడ్డ ఎవరు పడతారు?

గట్టు కట్టిన చేదబావి తవ్వితే ఈ పీడ పోతుందని కూడా ఆ డాక్టరే చెప్పాడు. పంచాయితీకి ఒక్క బావి మంజూరైంది. అప్పుడే వచ్చిన ఎన్నికల్లో మిగతా సీట్లు ఎగువ వీధివాళ్లకూ మా వైపువాళ్లకూ పోటీ లేకుండానే చెరిసగం తేలిపోయాయి. మిగిలిన ఒక్క సీటు ఎవరు గెలిస్తే బావి వాళ్ల వైపు. మా వైపున గానుగాయన నిలబడ్డాడు. గెలిస్తే బావి మా వీధిలోనే అని మాటిచ్చాడు.

శానుభోగు, అంటే ఊరి లెక్కలు రాసే ఆయన, ఓటర్ల పట్టీని చావడి గోడకు అంటించాడు. మా ఆయన చూసివచ్చి చతికిలబడ్డాడు.

"మన ఐదిండ్లకూ నాయన పేరు ఒకటే ఉండాది. ఖాతా మార్పించుకుంటే అందరి పేర్లూ ఎక్కిస్తారంట. నెలాఖరు దాకా టైం ఉండాదని శానుభోగు చెప్పినాడు."

ఆ పూటే తమ్ముళ్లంతా వెళ్లి పెద్దబావగారిని అడిగారు. ఆయన వేరుశనక్కాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"నా కంఠంలో ప్రాణముండంగా నాయన పేరు కొట్టించేది లేదు."

ఆ ఇంట్లో మరదళ్లు బావగారి ముందు నోరెత్తకూడదు. నేను తలుపు వెనక నుంచే ఎత్తాను.

"సచ్చిపోయినాయప్పకు నీళ్లెందుకు బావా? బతికుండే బిడ్డలకు కావాల గానీ."

ఆయన అన్నం తినకుండా లేచిపోయాడు. అందరూ నన్ను తిట్టిపోశారు. తిట్టనీ అనుకున్నాను.

గడువు అలాగే దాటిపోయింది. ఆ తర్వాత పెద్దపాప కాల్లో పురుగు సగంలో తెగింది. తెగితే విషమే. కాలు తొడదాకా వాచి, జ్వరంతో పిల్ల పేలాపన మొదలుపెట్టింది. పెద్దబావగారు వచ్చి మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. మరునాడు తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా ఖాతా మార్పించడానికి బాగేపల్లి కచేరీకి నడిచిపోయాడు. సాయంత్రం మోకాళ్లదాకా దుమ్ముతో తిరిగొచ్చాడు.

"టైం అయిపోయిందంట తల్లీ. ఈ తూరికి నాయన పేరే ఉంటాదంట."

ఆయన్ని చూసి జాలిపడాలో, మీదపడి కొట్టాలో నాకు తెలియలేదు.

ఎన్నికలు స్కూల్లో పెట్టారు. చీటీలు లేవు. అధికారి పేరు పిలిస్తే బల్ల ముందుకు వెళ్లి ఓటెవరికో నోటితో చెప్పాలి. పొద్దున్నే ఎగువ వీధిలో ఒకాయన చచ్చిపోయిన తండ్రి పేరుకు "నేనే" అని పలికి ఓటు వేసి పోయాడు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. అది చూసి గానుగాయన మా బావగారి చేతులు పట్టుకున్నాడు.

"నేనే అని ఒక మాట అను పెద్దప్పా. ఎవురూ ఏమీ అనరు."

ఆడవాళ్లం గోడవారగా నిలబడ్డాం. పెద్దపాప నా భుజం మీద ఉంది, నడవలేదు. మామగారి పేరు పిలిచారు. బావగారు లేచి వెళ్లాడు. ఈ పేరు నీదేనా అని అధికారి కన్నడంలో అడిగాడు. శానుభోగు కావాలనే కిటికీ వైపు చూశాడు. అను, అను, అని నేను పళ్లు బిగపట్టుకున్నాను.

"మా నాయనదప్పా. ఆయన పోయి చానా ఏండ్లాయ."

అధికారి ఆ పేరు మీద ఒక గీత గీశాడు. ఇన్నేళ్లు ఎవరినీ తాకనివ్వని పేరును కళ్లముందే కొట్టేస్తుంటే బావగారు బల్ల పట్టుకుని నిలబడిపోయాడు.

లెక్కపెడితే ఇద్దరికీ సమానంగా వచ్చాయి. రెండు చీటీలు రాసి చెంబులో వేసి ఒకటి తీశారు. ఎగువ వీధికి పడింది. ఆ ఒక్క ఓటు ఉంటే చెంబుతో పనే లేదు.

బావగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాయన మాదిరి నిలబడి అబద్ధం చెప్పలేకపోతినమ్మా."

"నిజం చెప్పింది మీరు బావా. కుంటేది నా కూతురు."

ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను.

బావి ఎగువ వీధిలో తవ్వారు. వాళ్లు తోడుకున్నాక మిగిలితేనే మాకు. ఎండాకాలంలో మిగిలేది కాదు, మళ్లీ దిగుడుబావే. పెద్దపాప జ్వరం తగ్గింది గానీ మోకాలు వంగిపోయి అలాగే బిగుసుకుపోయింది. ఆ మరుసటి ఏడు ఖాతా ఐదుగురి పేర్లకూ మారింది. మా ఆయన సంబరంగా ఇంటికొచ్చాడు.

"నాకూ ఓటొచ్చింది, తెలుసునా?"

"మళ్లీ ఎన్నికలు ఎప్పుడు?"

"ఇంకా చానా దినాలుండాదిలే."

నా ఒళ్లో ఉన్న చిన్నపాప కాలు ఆయనకు చూపించాను. పొద్దున్నే పొక్కు లేచింది.